మూడు రోజులు కాదన్న బర్తోష్

నేను ఒక జీనుని. గుర్రం వీపుకీ మనిషి బరువుకీ మధ్య నలిగిన బతుకు నాది. కాబట్టి నా దగ్గర మరీ మర్యాదలు ఆశించకండి. కత్తిని అడిగితే యుద్ధాల గురించి చెబుతుంది. కిరీటాన్ని అడిగితే వంశాలు ఏకరువు పెడుతుంది. నాకు తెలిసిందల్లా నా మీద ఎవరు ఎలా కూర్చున్నారన్నదే. నవ్వకండి. మొహంతో ఎన్ని వేషాలైనా వెయ్యొచ్చు గానీ జీనెక్కాక దాచడం కష్టం. గర్వం తలకెక్కినవాడు వెనక్కి వాలతాడు. భయపడ్డవాడు మోకాళ్ళు బిగిస్తాడు. ఎవరి కోసమో బెంగ పెట్టుకున్నవాడు దారి పొడుగునా పక్కకి తిరిగి తిరిగి చూస్తాడు. అలాంటివాడొకడు నా మీద పదిహేనేళ్ళు కూర్చున్నాడు. అతని గురించే చెబుతాను.

నన్ను చేసింది విస్తులా నది ఒడ్డున ఒక చిన్న పట్నంలో, హన్నుస్ అనే ముసలాయన. బీచి అనే చెట్టు చెక్కతో నా గూడు కట్టి, పచ్చితోలు బిగించి ఆరబెట్టి, లోపల జింక వెంట్రుకలు దట్టించాడు. పని చేస్తున్నంతసేపూ కోళ్ళని తిడుతూనే ఉన్నాడు, అవి వచ్చి ఆ వెంట్రుకల్లో గుడ్లు పెడుతున్నాయని. అలా తిట్లు వింటూ పుట్టాను. నన్ను కొనుక్కున్నది ప్రాందోత అనే పెద్దమనిషి. వార్షావా నగరానికి ఉత్తరాన రెండు రోజుల ప్రయాణంలో ఉండే ఒల్షీనా అనే పల్లె ఆయనది.

పెద్దమనిషి అన్నానని మేడలూ మిద్దెలూ ఊహించుకోకండి. ఒల్షీనాలో పద్నాలుగు ఇళ్ళు, అన్నీ గడ్డి కప్పులే. ఆ పద్నాలుగు ఇళ్ళవాళ్ళూ ప్రభువంశీకులే. పోలండు దేశంలో అదొక వింత. ఒక్క పాలేరు కూడా లేక తన నాగలి తానే పట్టి ఒట్టి కాళ్ళతో దున్నుకునేవాడు కూడా చట్టం ముందు కోటలున్న దొరతో సమానం. ఆ సంగతి ఎవరైనా మరిచిపోతారేమోనని మావాళ్ళు దున్నేటప్పుడు కూడా నడుముకి కత్తి కట్టుకునేవారు. ఎద్దు కదిలినప్పుడల్లా అది మోకాలికి కొట్టుకునేది. మోకాలు వాచేది గానీ కత్తి విప్పేవారు కాదు. వాళ్ళ వంశం గొప్పదనం ఎద్దుకి ఏమాత్రం అర్థమైందో నాకు తెలియదు.

చలికాలం సాయంత్రాల్లో ప్రాందోత నన్ను పొయ్యి దగ్గర పెట్టుకుని తోలుకి కొవ్వు రాస్తూ ఇద్దరు కొడుకులకీ ఒకే కథ చెప్పేవాడు. రాజుని ప్రభువులు ఎంచుకోవడం ఎలా మొదలైందన్న కథ. వినీ వినీ నాకది కంఠతా వచ్చేసింది.

"ఒకప్పుడు మనకొక రాజుండేవాడ్రా. కొడుకుల్లేరు, అందరూ ఆడపిల్లలే. నా తరవాత నా కూతుర్ని గద్దె మీద కూర్చోబెట్టండయ్యా అని మన పూర్వీకుల్ని పిలిచి అడిగాడు. కూర్చోబెడతాం, మరి మాకేమిటి అన్నారు మనవాళ్ళు. పన్నులు తగ్గించాడు, హక్కులు రాసిచ్చాడు. అడిగించుకోవడం మనకి అప్పణ్ణించే అలవాటైంది. ఆ పిల్లకి పెళ్ళి చేస్తే లిత్వేనియా నుంచి ఇల్లరికం వచ్చిన అల్లుడు రాజయ్యాడు. ఆవిడ పోయి, ఇంకో పెళ్ళాం వల్ల కొడుకు పుడితే, వాణ్ణి రాజుగా ఒప్పుకోమని ఆయనా అడిగాడు. సరేనని తోలుకాగితం మీద రాసుకుని పట్టుకెళ్ళారు మనవాళ్ళు. తీరా వెళ్ళాక ఇస్తానన్న హక్కులు ఇవ్వడానికి రాజు నసిగాడు. ఏం చేశారనుకున్నారు? ఆయన కళ్ళ ముందే ఆ కాగితాన్ని కత్తుల్తో ముక్కలు ముక్కలుగా నరికేశారు."

తోలుని నరికారన్న మాట వచ్చినప్పుడల్లా నా ఒళ్ళు జలదరించేది. పెద్దవాడు సెరాఫిన్ మాత్రం కళ్ళు మెరిపిస్తూ అడిగేవాడు, "నరికినవాళ్ళలో మన ముత్తాత ఉన్నాడా నాన్నా?" అని.

"ఉండే ఉంటాడు" అనేవాడు ప్రాందోత.

చిన్నవాడు బర్తోష్ ఏమీ అడిగేవాడు కాదు. అన్న మొహంలోకి చూసేవాడు. అన్న నవ్వితే తనూ నవ్వేవాడు.

ఇంట్లో గుర్రం ఒకటి, జీను ఒకటి, అన్నదమ్ములు ఇద్దరు. సెరాఫిన్ నా మీద కూర్చుంటే, బర్తోష్ నా వెనక ఒట్టి గుర్రం వీపు మీద కూర్చుని అన్న నడుము పట్టుకునేవాడు. చర్చికి అలాగే వెళ్ళేవారు, సంతకి అలాగే వెళ్ళేవారు. ఎంతమందిని మోశానో లెక్క లేదు గానీ, సెరాఫిన్ లాగా తేలిగ్గా కూర్చున్నవాణ్ణి మళ్ళీ చూడలేదు. ఉన్నాడో లేడో తెలిసేది కాదు, అయినా గుర్రం అతని మాటే వినేది. అతనంటే నాకు మక్కువ అని దాచకుండా చెబుతున్నాను.

తండ్రి పోయాక ఉన్న నేల రెండు కుటుంబాలకి చాలదని సెరాఫిన్ గ్రహించాడు. దక్షిణాన ఐదు రోజుల దూరంలో శాందొమీర్ సీమలో ఒక పెద్ద దొర దగ్గర కొలువు దొరికింది. గుర్రాన్నీ నన్నూ తమ్ముడికే వదిలేసి దొర పంపిన గుర్రమెక్కి వెళ్ళిపోయాడు. రెండేళ్ళు తిరక్కుండా కబురు వచ్చింది, అతను పోపుగారిని ఒప్పుకోని కొత్త మతంలో కలిశాడని. ఆ రోజుల్లో దేశంలో చాలామంది కలిశారు. కానీ మా మజోవియా సీమవాళ్ళు పాత మతాన్ని ప్రాణం పెట్టి పట్టుకున్నవాళ్ళు. ఊరంతా ముక్కున వేలేసుకుంది. తల్లి మాత్రం "ఏ మతంలో ఉంటే ఏమిట్రా, వేళకి తింటున్నాడా కనుక్కోండి" అంది.  అన్న తనని అడక్కుండా అంత పని చేశాడన్నది బర్తోష్ గుండెలో ముల్లు. మతం సంగతి తరవాత.

తల్లి మంచాన పడినప్పుడు బర్తోష్ భార్య ఒఫ్కా ఎవరినీ అడక్కుండా నేరుగా ఫాదరుగారి చేత బావగారికి ఉత్తరం రాయించి పంపింది. సెరాఫిన్ ఐదు రోజుల దారి నాలుగు రోజుల్లో వచ్చాడు. అప్పటికే తల్లి పోయింది, సమాధి తవ్వి ఉంది. శ్మశానం గేటు దగ్గర గుర్రం మీద నేనున్నాను కాబట్టి అంతా చూశాను. సెరాఫిన్ దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాడు. వంగి గుప్పెడు మన్ను తీసుకుని లోపలికి రాబోయాడు. బర్తోష్ వెళ్ళి గేటుకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఆ మతంలోకి పోయినవాడి చేత్తో అమ్మ మీద మన్ను పడడానికి వీల్లేదు."

"పోనీలే బర్తోష్, రానివ్వు" అని ఫాదరుగారే గొణిగాడు. బర్తోష్ కదల్లేదు. సెరాఫిన్ తమ్ముడి మొహంలోకి చాలాసేపు చూశాడు. తరవాత గుప్పిట విప్పి మన్ను అక్కడే వదిలేసి, గుర్రమెక్కి వెళ్ళిపోయాడు. ఇంటికి వస్తూ బర్తోష్ నా మీద గోనెసంచి పడేసినట్టు కూర్చున్నాడు. ఆ మర్నాటి నుంచే మొదలైంది, దక్షిణపు దారి కలిసే చోటుకి రాగానే పక్కకి తిరిగి చూడడం. తొమ్మిదేళ్ళు అలాగే చూశాడు.

"ఒక ఉత్తరం రాయించరాదూ?" అనేది ఒఫ్కా.

"అన్నయ్యే రావాలి. పెద్దవాడు."

"గేటు దగ్గర అడ్డం పడింది నువ్వైతే ఆయనెందుకు రావాలి?"

 బర్తోష్ లేచి నా పట్టీలు బిగించడం మొదలుపెట్టేవాడు, బిగించాల్సిన పని లేకపోయినా.

ఇంతలో రాజు చనిపోయాడు. ఆ ఇల్లరికపు అల్లుడి వంశంలో ఆఖరివాడు, పిల్లల్లేరు. దాదాపు రెండు వందల ఏళ్ళు కొడుకు తరవాత కొడుకు గద్దెనెక్కాడు గానీ, ప్రతిసారీ ప్రభువుల్ని ఒప్పుకోమని అడగడం మాత్రం మానలేదు. ఇప్పుడు అడగడానికి కొడుకే లేడు. ప్రభువులు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఒప్పుకోవడం వాళ్ళ పనైతే ఎంచుకోవడం కూడా వాళ్ళ పనే అని తేల్చుకున్నారు. ఎవరో ప్రతినిధులు కాదు, ప్రతి ప్రభువంశీకుడూ తానే వచ్చి గొంతు వినిపించొచ్చన్నారు. వార్షావా పక్కనే ఉన్న మా మజోవియావాళ్ళకి ఇక కాళ్ళు నేల మీద ఆనలేదు. పదివేల మంది బయల్దేరారని చెప్పుకున్నారు. బూట్లున్నవాళ్ళు తొడుక్కున్నారు, లేనివాళ్ళు ఒట్టి కాళ్ళతోనే రాజుని ఎంచడానికి నడిచారు.

మైదానం కామియెన్ అనే పల్లె పక్కన, వార్షావాకి ఎదురుగా నది ఇవతల. ఎక్కడ చూసినా గుడారాలు, జెండాలు, గుర్రాలు. దొరల జీనుల్ని చూశాను. వెండి తాపడాలు, ముఖమల్ కుచ్చులు. నా వంక ఒక్కటీ చూడలేదు. ఒక్కో సీమవాళ్ళు గుండ్రంగా నిలబడి విడిగా సభ చేసేవారు. అక్కడ ఆచారం ఒకటుంది. మెజారిటీ అంటే చాలదు, అందరూ ఔననాలి. ఒక్కడు కాదంటే వాడి మెడ మీద కత్తి పెట్టరు. బతిమాలతారు, కౌగిలించుకుంటారు, కాళ్ళావేళ్ళా పడతారు. వాడు మెత్తబడేదాకా పెద్దలంతా వాడి చుట్టూ తిరగాల్సిందే.

చేరిన రోజే బర్తోష్ అన్నని చూశాడు. శాందొమీర్ జెండా కింద, గడ్డం నెరిసి, గుర్రం మీద. నా మీద కూర్చున్నవాడు ఒక్కసారిగా రికాబుల మీద నిటారుగా లేచి నిలబడ్డాడు. సెరాఫిన్ కూడా చూశాడు. చూసి, తల దించుకుని, గుర్రాన్ని అటు తిప్పేశాడు. బర్తోష్ మెల్లగా మళ్ళీ కూర్చున్నాడు. అంత బరువుగా అతను ఎప్పుడూ కూర్చోలేదు.

విదేశాల రాయబారులు వచ్చి మా రాజకుమారుడు గొప్పవాడంటే మా రాజకుమారుడు గొప్పవాడని ఉపన్యాసాలు దంచారు. మావాళ్ళకి ఫ్రెంచి రాజుగారి తమ్ముడు నచ్చాడు. సభలో టోపీలు గాల్లోకి ఎగిరాయి. సభ నడిపే పెద్ద ఆచారం కోసం "కాదనేవాళ్ళు ఉన్నారా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా కాగితం చుట్టేస్తున్నాడు.

"నాకు సమ్మతం కాదు" అన్నాడు బర్తోష్.

అందరూ తిరిగి చూశారు. ఎందుకయ్యా అంటే చెప్పడు. అతను మోకాళ్ళు బిగించలేదు, వెనక్కి వాలలేదు. ఏం చేస్తున్నాడో తెలిసిన మనిషి కూర్చున్నట్టు కూర్చున్నాడు. బసకి వచ్చి నన్ను దించుతూ గుర్రంతో చెప్పాడు, "ముందు ఊరివాళ్ళొస్తారు. తరవాత దొరలొస్తారు. ఎవరి వల్లా కాకపోతే వీడి రక్తసంబంధం ఎవడో వెతికి పట్టుకురండ్రా అంటారు. అప్పుడు అన్నయ్య రాక ఏం చేస్తాడు?"

దేశానికి రాజు కావాలి, ఈయనకి అన్న కావాలి. నాకు నవ్వు రాలేదు. నాకూ అతనే కావాలి.

మొదటి రోజు ఊరివాళ్ళు వచ్చారు. తిట్టారు, బుజ్జగించారు, మన ఊరి పరువు తీయకు అన్నారు. రెండో రోజు మా నదవతలి కోట దొర వచ్చాడు. ఇరవై ఏళ్ళుగా బర్తోష్ టోపీ తీసి దణ్ణం పెడితే గుర్రం మీద నుంచి చూడనైనా చూడని మనిషి, ఆ రోజు పట్టు అంగరఖాతో వచ్చి గడ్డిలో కూర్చున్నాడు.

"తమ్ముడూ, నీకేం తక్కువైందో చెప్పు. మనమంతా ఒకటి కాదూ?"

"మీ దయ వల్ల ఏమీ తక్కువ లేదండి. రావలసినవాళ్ళు ఇంకా రాలేదు, అంతే."

తనకంటే పెద్దవాడు రావాలని అర్థం చేసుకుని దొర వెళ్ళి బిషప్పుగారిని పంపాడు. బిషప్పుగారు ఉపదేశం చేసి, నెత్తి మీద చెయ్యి పెట్టి, చెమటలు కక్కుతూ వెళ్ళిపోయారు. ఈ లోపల మైదానమంతా పుకార్లే. వీడు ఆస్ట్రియా చక్రవర్తి మనిషన్నారు. కాదు, మాస్కో మనిషన్నారు. స్వీడన్ రాయబారి గుడారం దగ్గర చూశామని ఇద్దరు ప్రమాణం చేసి చెప్పారు. పాపం, బర్తోష్ ఆ మూడు రోజులూ మా బండి దాటి వెళ్ళలేదు. వచ్చినవాళ్ళ భుజాల మీదుగా దూరంగా చూస్తూ కూర్చున్నాడు. మూడో రోజు మధ్యాహ్నానికి అతని మొహం వాడిపోయింది. రాడేమోనన్న భయం పట్టుకుంది.

అప్పుడు వచ్చాడు సెరాఫిన్. నడిచి వచ్చాడు. గడ్డి మీద పడి ఉన్న నా పక్కన కూర్చుని, అలవాటుగా నా మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి నాకు తెలుసు.

"ఒరే బర్తోష్."

"అన్నయ్యా."

 తరవాత సెరాఫిన్ అన్నాడు, "నిన్ను ఒప్పించమని పంపించారు నన్ను. నేను ఒప్పించడానికి రాలేదురా. మజోవియావాడెవడో ఒక్కడే అడ్డం పడ్డాడట, ఒల్షీనావాడట అని మా గుడారంలో చెప్పుకుంటుంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. అంటే పారిస్ సంగతి నీ దాకా వచ్చిందన్నమాట."

బర్తోష్ కళ్ళప్పగించి చూశాడు.

"కిందటేడు, నీకు ఎవరి పేరు పెట్టారో ఆ పునీతుడి పండగ రోజునే కదా. అక్కడి రాజుగారి మనుషులు మా మతంవాళ్ళని ఇళ్ళల్లోంచి ఈడ్చి చంపారు, పసిపిల్లలతో సహా. ఆ రాజుగారి తమ్ముడే ఇప్పుడు మనకి రాజవుతాడంటున్నారు. ఇక్కడా అలా జరుగుతుందేమో, మా అన్నకేమైనా అవుతుందేమోనని నా తమ్ముడు అంతమందికి ఎదురు నిలబడ్డాడు. నేనేమో వాడు నన్ను మరిచిపోయాడనుకున్నాను."

 బర్తోష్‌కి పారిస్ అనే ఊరు ఉందని తెలుసు, అంతే. అక్కడేం జరిగిందో ఒల్షీనాలో ఎవరికీ తెలియదు, తెలిసినా చెప్పేవాళ్ళు లేరు.   నిజం చెబితే, నువ్వొస్తావని మొండికేశాను తప్ప నీ ప్రాణం సంగతి నాకు తోచనేలేదని ఒప్పుకోవాలి. తొమ్మిదేళ్ళ తరవాత పక్కన కూర్చున్న అన్నతో ఆ మాట ఎలా అంటాడు?

"నీకేమైనా అయితే నేనూరుకుంటానా అన్నయ్యా" అన్నాడు.

అబద్ధం. కానీ ఒకటి చెప్పాలి, అది నోట్లోంచి వచ్చిన క్షణం నుంచీ అతను దాన్ని నిజం చెయ్యడానికి తంటాలు పడ్డాడు. మతాల మధ్య శాంతి కోసం దొరలు రాసిన కాగితం సంగతి అన్న చేత చెప్పించుకుని, నన్ను గుర్రం మీద వేసి, ఎక్కి, తిన్నగా సభలోకి వెళ్ళాడు.

"ఔనంటాను. ఒక్క షరతు. మతం పేరు మీద ఎవరి ఒంటి మీదా చెయ్యి వెయ్యనని రాజు ప్రమాణం చెయ్యాలి. ఆ మాట రాసిన కాగితం ఒకటి ఉందటగా. మనవాళ్ళు మేం సంతకం పెట్టం అని పక్కన పడేశారటగా. అది చదవండి. నేను వింటాను. మీరూ వినండి."

సభ గగ్గోలెత్తింది. "మన మతంలో పుట్టి ఆ మాట ఎలా అంటున్నావయ్యా?" అని అరిచారు. ఒకడు నా రికాబు పట్టుకుని లాగాడు కూడా. బర్తోష్ మోకాళ్ళు ఇప్పుడు బిగిశాయి, మొదటిసారి భయపడ్డాడు. కానీ దిగలేదు. చివరికి కాగితం తెప్పించి చదివారు. సంతకం మాత్రం పెట్టం, రాజు చేత ప్రమాణం చేయించుకుంటే అడ్డం రాము అన్నారు. ఆ ప్రమాణం బర్తోష్ వల్లే వచ్చిందని నేను కోతలు కొయ్యను. పెద్దపెద్దవాళ్ళు దాని కోసం అప్పటికే నెలల తరబడి కొట్టుకుంటున్నారు. మా సభలో ఆ కాగితం చదివించినవాడు మాత్రం అతనొక్కడే. బర్తోష్ ఔనన్నాడు. టోపీలు మళ్ళీ ఎగిరాయి.

ఆ సాయంత్రం అన్నదమ్ములు ఒకే గిన్నెలో తిన్నారు. సెరాఫిన్ "ఏదీ, మన పాత జీను ఒకసారి ఎక్కనీ" అని నా మీద కూర్చుని మైదానం చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చాడు. వయసొచ్చినా అదే తేలిక. నాకు అంతకు మించి ఏం కావాలి చెప్పండి. విడిపోయేటప్పుడు తమ్ముడి భుజం పట్టుకుని, "మా ఊరు రారా ఒకసారి. తీరిగ్గా కూర్చుని చెప్పుకోవాల్సినవి ఉన్నాయి" అన్నాడు. బర్తోష్ తల ఊపాడు. ఏం చెప్పుకోవాలో అతనికి తెలుసు.

ఆ ఫ్రెంచి రాజకుమారుడు మరుసటి చలికాలంలో వచ్చాడు, కిరీటం పెట్టుకున్నాడు. నాలుగైదు నెలలు తిరగకుండా వాళ్ళన్న చనిపోయాడని కబురొచ్చింది. అక్కడి గద్దె కోసం మాకు చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడు. ఇంతా చేసి ఎన్నుకున్న రాజు, పొరుగింటి చుట్టంలా పోయాడు. మా ఊళ్ళో వారం రోజులు ఇదే మాట. బర్తోష్‌కి మాత్రం ఆ రాజు ధ్యాసే లేదు. కోతలవగానే అన్న దగ్గరికి వెళ్తానన్నాడు. కోతలయ్యాయి. విత్తనాలు పడగానే అన్నాడు. మూడుసార్లు నన్ను గుర్రం మీద కట్టి, ఒఫ్కా ఇచ్చిన రొట్టెల మూట తగిలించుకుని బయల్దేరాడు. మూడుసార్లూ దక్షిణపు దారి మొదట్లో ఉన్న వంతెన దాకా వెళ్ళి, ఆగి, వెనక్కి వచ్చాడు.

"ఏముంది, వెళ్ళి నిజం చెప్పేస్తే పోతుందిగా" అంది ఒఫ్కా.

"చెప్తే మళ్ళీ నా మొహం చూస్తాడా?"

"చూడకపోతే చూడకపోయాడు. ఇలా ఎన్నాళ్ళు?"

రెండున్నర ఏళ్ళు. అప్పటికి మళ్ళీ రాజుని ఎన్నుకోవడానికి పిలుపొచ్చింది. ఈసారి నది అవతల, వోలా అనే పల్లె దగ్గర. నవంబరు నెల, బురద గడ్డకట్టుకుపోయి ఉంది. దారంతా బర్తోష్ పెదాలు కదుపుతూనే ఉన్నాడు. చెప్పాల్సిన మాటలు వల్లె వేసుకుంటున్నాడు. ఈసారి అన్న అక్కడికే వస్తాడు, ఐదు రోజులు ప్రయాణం చేసి వాళ్ళింటికి వెళ్ళనక్కర్లేదు, జనంలో పక్కకి పిలిచి చెప్పెయ్యొచ్చు అన్నది అతని ధైర్యం. చేరగానే మా సభ వైపు వెళ్ళకుండా తిన్నగా శాందొమీర్ జెండా దగ్గరికి నన్ను తోలుకెళ్ళాడు.

అక్కడ సెరాఫిన్‌తో ఒకే కొలువులో పనిచేసిన మెల్హియర్ అనే ఆయన ఎదురొచ్చాడు. బర్తోష్ పేరు చెప్పగానే టోపీ తీశాడు.

"మీ అన్నగారు పోయారండి. ఆగస్టులో. జ్వరం. మీకు కబురు పంపాం, అందలేదన్నమాట."

బర్తోష్ నా మీద అలాగే ఉండిపోయాడు.

"మిమ్మల్నే తలుచుకునేవారు" అన్నాడు మెల్హియర్. "ఒకసారి నవ్వుతూ చెప్పారు నాతో. 'మా వాడికి పారిస్ సంగతేమీ తెలీదు మెల్హియర్. నేనా మాట ఎత్తగానే వాడి మొహం చూడాల్సింది. నేనొస్తానని మొండికేశాడు, అంతే. నాకూ వెళ్ళాలనే ఉంది ఆ మూడ్రోజులూ. వట్టి చేతుల్తో ఎలా వెళ్ళను, వెళ్ళడానికొక మాట కావాలిగా. అందుకని ఆ పారిస్ మాట ఎత్తాను' అన్నారు. మరి మీకు తెలుసని తమ్ముడికి చెప్పలేకపోయారా అని నేనంటే, 'వాడే వచ్చి చెప్తాడు. చెప్పాలని వాడి మనసులో ఉంది. వాడొచ్చేదాకా ఆగుతాను' అన్నారు. జ్వరంలో కూడా దారి కనపడేలా మంచం కిటికీ పక్కకి వేయించుకున్నారండి."

బూరలు ఊదారు. మా సీమ సభ మొదలవుతోంది. మా ఊరివాళ్ళు అటు పరిగెడుతున్నారు. ఈసారి ఎవరిని రాజు చెయ్యాలన్నదాని మీద పెద్ద రగడ జరుగుతోంది, ఒక్కో గొంతూ కావాలి. సభ నడిపే పెద్ద దూరం నుంచి కేకేశాడు, "ఇటు బర్తోష్, మన చోటు ఇటు."

బర్తోష్ గుర్రాన్ని దక్షిణం వైపు తిప్పాడు. వంతెనలు వచ్చాయి, ఆగలేదు. ఆ ఏడు మైదానంలో ఒక పక్షం ఒకరిని, ఇంకో పక్షం ఇంకొకరిని రాజని ప్రకటించారని తరవాత విన్నాను. పుట్టినప్పటి నుంచీ ఆ హక్కు గురించి కథలు విన్నవాడి గొంతు ఆ రెండింటిలోనూ లేదు.

నాలుగో రోజు చేరాం. కొత్త మతంవాళ్ళ శ్మశానం, హంగులేమీ లేవు, పేరు చెక్కిన ఒక రాయి. బర్తోష్ దిగి, టోపీ తీసి, గడ్డకట్టిన నేల మీద కూర్చున్నాడు. నన్ను దించలేదు. రెండు అడుగుల దూరంలో గుర్రం మీద ఉండి విన్నాను.

"అన్నయ్యా, నాకు పారిస్ సంగతి తెలీదు. నువ్వు రావాలనే కాదన్నాను. అమ్మ దగ్గర నిన్ను ఆపింది కూడా మతం కోసం కాదు. నన్నొదిలేసి వెళ్ళావన్న కోపం. తప్పు నాదే."

అంతే చెప్పాడు. దారంతా వల్లె వేసుకున్నది ఇంకా చాలా ఉంది, కానీ అదేదీ రాలేదు. చీకటి పడబోయేదాకా అలాగే కూర్చున్నాడు, ఎవరో జవాబు చెప్పాల్సి ఉన్నట్టు.

నేనిప్పుడు ఒక చిన్న పట్నపు మ్యూజియంలో ఉన్నాను. అద్దాల పెట్టెలో, ఎన్నికల మైదానం పటం పక్కన. టీచర్లు పిల్లల్ని తీసుకొచ్చి రాజుల పేర్లు వరసగా చెప్పిస్తారు. ఎవరు ఎవరి తరవాత, ఎవరు ఎన్నేళ్ళు ఏలారు. ఆ పేర్లు నాకు గుర్తుండవు. ఆ పటంలో నాకు కనిపించేది ఒక దారే. ఒల్షీనా నుంచి సెరాఫిన్ ఉన్న ఊరికి ఐదు రోజుల ప్రయాణం. ఐదు రోజులే.